పాత లాంగ్ రైఫిల్ కొనాలంటే: చెకుముకిదా, క్యాప్‌దా, మార్చి మళ్లీ మార్చిందా?

నేను కొన్న మొదటి పాత తుపాకీ లాక్ మీద, అంటే మందుకు నిప్పు అంటించే యంత్రం మీద, 'గోల్చర్' అని చెక్కి ఉంది. అమ్మినాయన కూడా ఆ పేరే పలికాడు. ఇంటికి తెచ్చుకున్నాక రెండు వారాల పాటు గోల్చర్ ఎవరు, ఏ ఊరివాడు అని వెతుకుతూ కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఆ పేరు లాక్ చేసి టోకున అమ్మినవాళ్లది. 19వ శతాబ్దం మధ్యలో ఆ పేరున్న లాక్‌లు హార్డ్‌వేర్ కొట్లలో విడిగా దొరికేవి. ఊరి తుపాకీ పనివాడు ఒకటి కొనుక్కొచ్చి తన కొయ్యకు బిగించుకునేవాడు. తుపాకీ చేసినవాడు పేరు రాసుకోవాలనుకుంటే గొట్టం పై పలక మీద రాసుకుంటాడు. నా గొట్టం మీద ఏ పేరూ లేదు. గోడ గడియారం కొని, అందులో బ్యాటరీ మీదున్న పేరే గడియారం కంపెనీ అనుకున్నట్టయింది నా సంగతి.

పెన్సిల్వేనియాలో ఉండే మనవాళ్లు చుట్టాలొస్తే లాంకాస్టర్ తీసుకెళ్తారు. ఆమిష్ గుర్రబ్బండ్లు చూసి, ఔట్‌లెట్‌లో బట్టలు కొని వచ్చేస్తారు. నేనూ అలాగే తిరిగాను కొన్నేళ్లు. ఒకసారి అక్కడి లాండిస్ వ్యాలీ మ్యూజియంలో నిలువెత్తు రైఫిల్ ముందు నిలబడ్డాక ఈ పిచ్చి పట్టుకుంది. మూతిలోంచి మందు దట్టించి పేల్చే తుపాకీ మనకు తెలియనిది కాదు, మన్యం ఊళ్లలోని నాటు తుపాకీ పద్ధతీ ఇదే. కానీ ఇంత సన్నగా, ఇంత నగిషీతో ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

కొనాలని దిగినవాళ్లకు మాత్రం తల తిరుగుతుంది. ఒకే పొడవు, ఒకే వాలకం ఉన్న రెండు తుపాకుల్లో ఒకటి ఆరు వందల డాలర్లు, ఇంకొకటి ముప్పై వేలు. ఎందుకంత తేడా, మీకు ఏది సరిపోతుంది అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

## ముందు కాస్త పుట్టుపూర్వోత్తరాలు

18వ శతాబ్దం మొదట్లో జర్మన్ మాట్లాడే వలసదారులు యేగర్ అనే పొట్టి, లావు గొట్టం రైఫిల్‌ను పెన్సిల్వేనియాకు తెచ్చారు. నెలల తరబడి అడవిలో తిరిగే వేటగాడికి సీసం, మందు మోయడమే పెద్ద బరువు. అందుకని గుండు చిన్నదైంది, గొట్టం పొడుగైంది. పొడుగు గొట్టంలో మందు పూర్తిగా మండుతుంది. గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం పెరిగి గురి కుదురుతుంది. అలా అలా 42 నుంచి 46 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం, చారల మేపుల్ కొయ్య, భుజానికి ఆనించే మడమ పక్కన ఇత్తడి మూత ఉన్న చిన్న అర, ఇదీ రూపం అయింది. ఆ అరను ప్యాచ్‌బాక్స్ అంటారు. గుండుకు చుట్టే జిడ్డు గుడ్డముక్కలు అందులో దాచుకునేవారు. 1775 జూన్ 14న, బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికా వలసల సభ కాంటినెంటల్ కాంగ్రెస్ రైఫిల్ దళాలను పిలిచింది పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియాల నుంచే. జనం నోట 'కెంటకీ రైఫిల్' అని పడింది గానీ, దీనికి పుట్టిల్లు పెన్సిల్వేనియా.

పేల్చే పద్ధతి రెండు రకాలు. చెకుముకి లాక్‌లో హ్యామర్ దవడల మధ్య బిగించిన రాయి ఫ్రిజెన్ అనే ఉక్కు రేకును గీకుతుంది. రవ్వలు పాన్ అనే చిన్న గుంటలోని రంజకం, అంటే అంటించే మందు మీద పడతాయి. ఆ మంట పక్క చిల్లులోంచి గొట్టంలోకి పోతుంది. క్యాప్ లాక్ అయితే దీపావళి తుపాకీలో బిళ్ల పేలినట్టే. హ్యామర్ దెబ్బకు రాగి టోపీలోని మందు పేలి నిప్పు లోపలికి పోతుంది. దెబ్బకు పేలే మందుతో తుపాకీ కాల్చవచ్చని స్కాట్లండ్‌లో చర్చి పాస్టరు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పేటెంట్ తీసుకున్నాడు. రాగి టోపీగా అది 1820లు, 30లలో జనంలోకి వచ్చింది. చినుకులు పడినా పేలుతుంది కదా, ఇంట్లో ఉన్న చెకుముకి రైఫిల్‌ను చాలామంది క్యాప్‌కు మార్పించుకున్నారు.

తర్వాత 20వ శతాబ్దంలో సేకరించేవాళ్లు వచ్చారు. చెకుముకిదే అందం, దానికే ధర అన్నారు. తాతలు క్యాప్‌కు మార్పించినవాటిని మనవల కాలంలో మళ్లీ చెకుముకికి మార్పించారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. బతుకు అవసరం కోసం ఆ రోజుల్లో చేసిన మార్పు తుపాకీ కథలో భాగం. అమ్మకం కోసం ఈ రోజుల్లో చేసిన మార్పు ఆ కథను చెరిపేస్తుంది. ఏది కొన్నా, ఎంతకు కొన్నా, ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకున్నాకే డబ్బు తీయండి.

## చేతిలోకి తీసుకోగానే

అన్నిటికంటే ముందు, అందులో మందు దట్టించి ఉందేమో చూడాలి. వందేళ్లు దాటినా అలాగే మిగిలిపోయినవి ఇప్పటికీ బయటపడుతుంటాయి. సన్నని కర్ర మూతిలోంచి పోనిచ్చి, ఆగినచోట వేలితో గుర్తు పెట్టుకోండి. తీసి గొట్టం పక్కన పెట్టి కొలవండి. కర్ర కొస పక్క చిల్లు దాకా రావాలి. అంగుళం, రెండంగుళాలు ముందే ఆగితే లోపల ఏదో ఉంది. ఆ తుపాకీని కింద పెట్టేసి తెలిసినవాళ్లకు అప్పగించండి. మీరే తీయాలని చూడకండి.

## చూడాల్సినవి

లాక్ చుట్టుపక్కల. అరగంట సమయం ఉంటే ఇరవై నిమిషాలు ఇక్కడే గడపండి. నిజంగా చెకుముకితో చాలా ఏళ్లు పేలిన తుపాకీలో పాన్ వెనక కొయ్య కొంచెం మాడి, తినేసినట్టు ఉంటుంది. చిల్లు అంచులు నున్నగా అరిగి ఉంటాయి. క్యాప్‌కు మార్చినదైతే ఆ చిల్లులోనే మరతో బిగించిన చిన్న ఇనుప గుండ్రటి ముక్క, దాని మీద క్యాప్ కూర్చునే ముక్కు ఉంటాయి. పాన్ కోసేసి ఉంటుంది. ఫ్రిజెన్ మరల చిల్లులు మూసి ఉంటాయి. ఇక మళ్లీ చెకుముకికి తెచ్చినదాంట్లో లాక్ పలక పాతది, ఫ్రిజెన్ మాత్రం నిన్న కాసినట్టు ఉంటుంది. లాక్ తీసి లోపలి వైపు చూస్తే పూడ్చిన చిల్లుల వలయాలు మసకగా కనిపిస్తాయి. రాగి టోపీ మందు ఇనుమును గట్టిగా తింటుంది. ఆ గుంటలు గొట్టం పక్కన గుంపుగా ఉండి, వాటి నడుమ కొత్త అంచులున్న చిల్లు ఉంటే ఇంక అడగక్కర్లేదు.

గొట్టం పొడవు. దట్టించే కర్ర రాపిడికి మూతి దగ్గర, గుండును తిప్పే లోపలి గాడులు అరిగిపోతే, రెండు మూడు అంగుళాలు కోసేయడం అప్పట్లో మామూలు. వెనక వైపు తుప్పుకు పాడైతే అటు కోసేవారు. మూతి వైపు కోసింది కనిపెట్టాలంటే కర్ర దూర్చే ఇత్తడి గొట్టాల మధ్య దూరాలు కొలవండి. అవి సమానంగా ఉండి చివరి ఎడం ఒక్కటే చిన్నదైతే అక్కడ కోత పడింది. వెనక కోసినదైతే గురి గుర్తు, సంతకం రెండూ లాక్ వైపు మరీ దగ్గరగా జరిగి ఉంటాయి. పాత గుర్తు ఉన్న గాడిని పూడ్చిన మచ్చ కూడా కనపడొచ్చు.

కొయ్య. మణికట్టులా సన్నబడే చోట విరగనిది తక్కువ. తోలు చుట్టి, రేకు కొట్టి అతికిన పాత మరమ్మతు నాకైతే ముచ్చటగా ఉంటుంది, ధర కూడా అంతగా పడిపోదు. చూడాల్సింది గొట్టం కింద సాగే కొయ్య ముందు భాగం, అదే ముందు కొయ్య. చాలావాటికి అది తర్వాత అతికిందే. చారలు ఒకచోట ఠక్కున ఆగి, ఇంకో వాలుగా మొదలైతే అక్కడ అతుకు. అతినీలలోహిత టార్చి దొరికితే చీకట్లో వేసి చూడండి, కొత్త వార్నిష్, కొత్త జిగురు ఉన్నచోట్లు వేరే రంగులో తేలతాయి.

నగిషీ. సాదా తుపాకీకి తర్వాత ఎవరో చెక్కడం చెక్కి, వెండి నక్షత్రాలు పొదిగి ధర పెంచడం పాత మోసం. కొయ్య కాలంతో పాటు అడ్డంగా ముడుచుకుంటుంది కాబట్టి అసలు ఇత్తడి అంచులు కొయ్య కంటే వెంట్రుకవాసి పైకి తేలి ఉండాలి. చెక్కడం లోతుల్లో కూడా చుట్టూ ఉన్నంత మురికీ, అరుగుదలా ఉండాలి. చేత్తో పట్టుకునే చోట అరగని చెక్కడాన్ని నమ్మకండి.

బాణీ. లాంకాస్టర్, లీహై, లెబనాన్, యార్క్, బెడ్‌ఫర్డ్, ఇలా పెన్సిల్వేనియాలో ప్రతి జిల్లాకూ ఓ బాణీ. లాంకాస్టర్ ప్యాచ్‌బాక్స్ కొసన తరచు డైసీ పువ్వు ఉంటుంది. లీహై వాళ్ల మడమ పై అంచు గరుడ ముక్కులా కొంచెం వంగి దిగుతుంది. బెడ్‌ఫర్డ్‌వి మరీ సన్నం, లాక్ పలక కూడా పొడుగ్గా ఉంటుంది. సంతకం లేని తుపాకీ ఎక్కడిదో ఈ బాణీయే చెబుతుంది. గొట్టం మీద లాంకాస్టర్ పేరు, మడమకు లీహై వంపు కనిపిస్తే ఆ రెండూ ఒకే రోజు కలిశాయో లేదో ఆలోచించాలి.

## ఏవేవి దొరుకుతాయి

### ఎవరూ మార్చని చెకుముకి, సంతకంతో సహా

18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మొదటి పదిహేను, ఇరవై ఏళ్ల దాకా వచ్చిన పనిని సేకరించేవాళ్లు స్వర్ణయుగం అంటారు. లాంకాస్టర్‌లో జేకబ్ డికర్ట్, లెబనాన్‌లో జె.పి. బెక్, లీహైలో రప్ కుటుంబం ఆ కాలపు పేర్లు. నాజరెత్ దగ్గర క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో మొరావియన్ క్రైస్తవుల తుపాకీ షాపు నడిపిన క్రిస్టియన్ ఓర్టర్ అయితే తన రైఫిల్ మీద పేరుతో పాటు ఏడాది కూడా చెక్కేవాడు. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఈ తరగతిలో ధర ఐదంకెల్లో మొదలవుతుంది, మంచివి ఆరంకెలకు పోతాయి.

ఇంత డబ్బు పెట్టగలిగినవాళ్లు కూడా మొదటి తుపాకీగా దీన్ని కొనకూడదంటాను. ధర పెద్దదైతే నకిలీకి పెట్టే శ్రమ కూడా పెద్దదవుతుంది. పాతికైనా చేత్తో పట్టి, లాక్‌లు ఊడదీసి చూడనివాడి కంటికి అసలుకూ నకలుకూ తేడా తెలియదు.

### పాతకాలంలోనే క్యాప్‌కు మారినది

నాకు ఇష్టమైనవి ఇవి. 1790లలోనో 1810లోనో చెకుముకితో పుట్టి, 1830లలో క్యాప్‌కు మారి, ఆ పైన ఎవరూ చేయి పెట్టనివి. కొయ్య, ఇత్తడి, గొట్టం అన్నీ స్వర్ణయుగానివే, ధర మాత్రం మార్చని చెకుముకిదాంతో పోలిస్తే చాలా తక్కువ. సంతకం లేనివైతే కొన్ని వేల డాలర్లలో దొరుకుతాయి.

లోటేమిటంటే గోడ మీద పెడితే చూసినవాళ్లు 'రాయి లేదేంటి?' అంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే గంట గడిచిపోతుంది, అది లోటో లాభమో మీ ఇష్టం. ఇంకో తలనొప్పి, ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఒక్కోసారి కొట్టువాడు కూడా 'చెకుముకికి మార్పించెయ్, ధర పెరుగుతుంది' అంటారు. వినకండి.

### మళ్లీ చెకుముకికి తెచ్చినది

చూడ్డానికి ఇదే అందరికంటే అందగత్తె. పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు ఉంటుంది. చెడ్డపని అని నేననను. మంచి పనివాడు, ఆ కాలపు ముక్కలే సంపాదించి, ఏం చేశాడో రాసి ఇస్తే గౌరవించాల్సిందే. చాలా పేరున్న రైఫిళ్లు ఈ స్థితిలోనే ఉన్నాయి, పెద్ద సేకరణల్లోనూ ఉన్నాయి.

తిప్పలెక్కడంటే ధరలో. కొనేటప్పుడు మార్చని చెకుముకి ధరకు దగ్గరగా అడుగుతారు. అమ్మబోతే కొనేవాడు లాక్ తీసి చూసి, మార్చినది అని తేల్చేస్తాడు. మధ్యలో నష్టం మీది. ఇంకో మాట: మొదటి నుంచీ క్యాప్‌తోనే పుట్టిన 1840ల తుపాకీని చెకుముకిగా 'తిరిగి' తెచ్చినవి కూడా తిరుగుతున్నాయి. అది ఎప్పుడూ చెకుముకి కాదు. ఎక్కడికని తిరిగి వెళ్తుంది?

### మొదటి నుంచీ క్యాప్‌దే: సగం కొయ్య రైఫిల్

1840ల నుంచి 1860ల దాకా ఒహాయో, న్యూయార్క్, పశ్చిమ పెన్సిల్వేనియాల్లో చేసిన సాదా రైఫిళ్లు. కొయ్య గొట్టం సగం దాకానే వస్తుంది. లాక్‌లు కొట్లో కొన్నవే, గొట్టాలు కూడా చాలాసార్లు కొన్నవే. న్యూయార్క్ రైఫిల్ గొట్టం కింద రెమింగ్టన్ ముద్ర కనిపిస్తే కంగారుపడకండి, ఆయన గొట్టాలు చేసి ఊళ్లో పనివాళ్లకు అమ్మేవాడు. కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి, పదిహేను వందల లోపు మంచిది దొరుకుతుంది.

ఈ ధరకు నకిలీ చేయడం ఎవరికీ గిట్టదు. అదే దీని అసలు సుగుణం. ఊడదీసి చూడొచ్చు, తప్పు కొన్నా ఇల్లు మునగదు. లాంకాస్టర్‌లో హెన్రీ లేమన్ 1834 నుంచి నడిపిన కార్ఖానాలో పశ్చిమాన అమెరికా ఆదివాసీ తెగలతో వర్తకానికి ఇలాంటివి పెద్ద ఎత్తున చేశారు. ఆయన సాదా మేపుల్ మీద రంగుతో చారలు వేయించేవాడు. 'చారలు దొంగవి' అని లేమన్ రైఫిల్‌ను పక్కన పెట్టేసినవాళ్లను చూశాను. అక్కడ దొంగ చారలే అసలు చారలు.

ఒక్క జాగ్రత్త. నిండు కొయ్యను తర్వాత సగానికి కోసిన తుపాకీలు ఈ గుంపులో కలిసిపోయి ఉంటాయి. గొట్టం అడుగున, కొయ్య లేని భాగంలో, కొయ్యను పట్టి ఉంచే పాత పిన్నులు దిగిన గాడులుంటే ఒకప్పుడు అక్కడ కొయ్య ఉండేది.

### టెన్నెస్సీ కొండల ఇనుప రైఫిల్

తూర్పు టెన్నెస్సీ, పశ్చిమ నార్త్ కరొలైనాల్లో ఇత్తడి బదులు ఇనుముతో చేసినవి. బీన్ కుటుంబం, గిలెస్పీ కుటుంబం పేర్లు వినిపిస్తాయి. ప్యాచ్‌బాక్స్ బదులు మడమలో జిడ్డు పెట్టుకునే చిన్న గుంట ఉండడం మామూలు. మెరుపు లేదు, చెక్కడం లేదు, గీత మాత్రం అద్భుతం. నల్లటి ఇనుము, నల్లబడిన కొయ్య. సంతకాలు తక్కువ కాబట్టి ఎవరు చేశారో తేల్చడానికి బాణీ బాగా తెలిసినవాడి సాయం కావాలి. దక్షిణాది రాష్ట్రాల్లో ఉంటే వీటి వెంటే పడండి. పెన్సిల్వేనియాలో కూర్చుని వెతికితే దొరికేవి తక్కువ, పోల్చి చూసుకునే అవకాశం ఇంకా తక్కువ.

### హాకెన్

మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ముల షాపు. రాకీ పర్వతాల వేటగాళ్లకు బరువైన, లావు గుండు వేసే సగం కొయ్య రైఫిళ్లు చేశారు. జేకబ్ 1849లో కలరాతో పోయాడు, శామ్యూల్ తర్వాత కూడా నడిపాడు. మిగిలినవి కొన్ని, కోరుకునేవాళ్లు వేలు. కాబట్టి కొత్తవాళ్లకు నా సలహా ఒక్క మాటే: వద్దు. పైగా 1970 నుంచి కార్ఖానాలో తయారై అమ్ముడైన థాంప్సన్ సెంటర్ 'హాకెన్' ఉంది. వేటకు బాగానే ఉంటుంది గానీ, పాత సామాన్ల అమ్మకాల్లో పేరు చూసి ఎగిరి గంతేసేవాళ్లను చూస్తే నా గోల్చర్ గుర్తొస్తుంది.

### ఈ కాలపు పనివాడు చేసినది

కాల్చాలని ఉంటే ఇదే దారి. పాత గొట్టాలను ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ వంచి, అంచులు కాచి అతికి చేసేవారు. ఆ అతుకు లోపల ఎలా ఉందో బయటినుంచి చెప్పలేం. రెండు వందల ఏళ్ల నాటి దాన్ని పేల్చి ముక్కలు చేసుకోవడం ఎందుకు? కొలొనియల్ విలియమ్స్‌బర్గ్ తుపాకీ షాపులో 18వ శతాబ్దపు పనిముట్లతోనే రైఫిల్ మొత్తం చేత్తో చేసి చూపించారు. అక్కడి నుంచీ, ఇతర చోట్ల నుంచీ వచ్చిన పనివాళ్లు ఇప్పుడు పాతవాటికి తీసిపోని రైఫిళ్లు చేస్తున్నారు. పేరున్నవాళ్ల పని వేల డాలర్లు ఉంటుంది. దాని మీద చేసినవాడి పేరు, ఏడాది ఉండేలా చూసుకోండి, యాభై ఏళ్ల తర్వాత ఎవరూ దాన్ని పాతదని అమ్మకుండా.

## ఒకచోట పెట్టి చూస్తే

| రకం | ధర | నకిలీ భయం | తిరిగి అమ్మితే | కొత్తవాళ్లకు |
|---|---|---|---|---|
| మార్చని చెకుముకి, సంతకంతో | ఐదు, ఆరంకెలు | చాలా ఎక్కువ | అసలుదైతే బాగా | ఇప్పుడే వద్దు |
| పాతకాలంలో క్యాప్‌కు మారినది | వేలల్లో | మధ్యస్తం | పెట్టినంత రావచ్చు | రెండో తుపాకీగా |
| మళ్లీ చెకుముకికి తెచ్చినది | వేలు, పదివేలు | ఎక్కువ | నష్టం ఖాయమనుకోండి | రాతపూర్వకంగా ఉంటేనే |
| సగం కొయ్య క్యాప్ రైఫిల్ | వందలు, వెయ్యి పైన | తక్కువ | పెద్దగా పెరగదు, పోదు | ఇదే మొదలు |
| టెన్నెస్సీ ఇనుప రైఫిల్ | వేలల్లో | మధ్యస్తం | ప్రాంతాన్ని బట్టి | దక్షిణాదిలో ఉంటే |
| హాకెన్ | ఐదంకెలు | అన్నిటికంటే ఎక్కువ | అసలుదైతే బాగా | వద్దు |
| ఈ కాలపు పని | వేలల్లో | లేదు | పనివాడి పేరును బట్టి | కాల్చేవాళ్లకు |

## మీరు ఎవరు?

చరిత్ర మీద ఇష్టంతో ఒకే ఒక్కటి గోడ మీద ఉంచుకోవాలనుకునేవాళ్లు మూడు, నాలుగు నెలలు ఆగి, సంతకం లేకపోయినా సరే, లాంకాస్టర్ బాణీలో పాతకాలంలో క్యాప్‌కు మారినదాన్ని తీసుకోండి. మీరుండే చోటికీ దానికీ ఒక సంబంధం ఉంటుంది. పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో ఉంటూ మిస్సోరీ హాకెన్ కోసం అప్పు చేయడం నాకు అర్థం కాదు.

నేర్చుకోవాలన్న ఆత్రం ఉండి డబ్బు తక్కువున్నవాళ్లు సగం కొయ్య రైఫిల్ ఒకటి కొనండి. మరలు తీయండి, లాక్ లోపల చూడండి, గొట్టం అడుగున చూడండి, మళ్లీ బిగించండి. ఆ మరల గాడులు చేత్తో రాపినవి కాబట్టి ఒక్కోటి ఒక్కో వెడల్పు ఉంటుంది. సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టి చెడగొట్టకండి. పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం నాజరెత్ దగ్గరే ఉంది, చూసిరండి. ఒక ఏడాది ఇలా గడిపాక ఖరీదైనవాటి జోలికి వెళ్లొచ్చు.

పెట్టుబడిగా కొనేవాళ్లకు చెప్పేది తక్కువ. పెద్ద వేలంపాటల్లో పాట ధర మీద కొన్నవాడి దగ్గర ఐదో వంతు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే అదనంగా తీసుకుంటారు. అమ్మేటప్పుడు మళ్లీ కమిషన్. ఆ రెండూ పూడి లాభం రావాలంటే ఎన్నేళ్లు ఆగాలో మీరే లెక్కేసుకోండి. ఆ డబ్బుతో శంకర్‌పల్లిలో ప్లాటు కొంటానని ఒక స్నేహితుడు అన్నాడు. నేను కాదనలేదు.

వీసా మీద ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లోగానీ అంతకు ముందుగానీ చేసిన తుపాకీ ఆంటిక్ కిందికి వస్తుంది, 1968 గన్ కంట్రోల్ యాక్ట్ నిర్వచనంలో ఆంటిక్‌ను మామూలు తుపాకీగా లెక్కపెట్టరు. హెచ్1బీ వాళ్లకు మామూలు తుపాకుల మీదున్న ఫెడరల్ ఆంక్షలు ఆ లెక్కన వీటికి వర్తించవు. కానీ రాష్ట్రానికో చట్టం. ఎడిసన్‌లో ఉంటే న్యూజెర్సీ నిబంధనలు విడిగా చూసుకోవాలి, సందేహం ఉంటే కొనకముందే లాయర్‌ను అడగాలి. గ్రీన్‌కార్డ్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేసినా నష్టం లేదు, రైఫిల్ రెండు వందల ఏళ్లు ఆగింది, ఇంకో రెండేళ్లు ఆగుతుంది.

ఇండియాకు పట్టుకెళ్లాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మన ఆయుధాల చట్టం, 1959, పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానివాటికే. బాగున్న లాంగ్ రైఫిల్ ఆ మాటకు లొంగదు. తుపాకులు చూడాలని అక్కడివాళ్లు అడిగితే సాలార్‌జంగ్ మ్యూజియానికి పంపండి.

## ఇంటికొచ్చాక

మన చేతులకో అలవాటుంది, ఇత్తడి కనపడితే చింతపండు పెట్టి తోమాలనిపిస్తుంది. పండగ ముందు మా అమ్మ వీడియో కాల్‌లో ప్యాచ్‌బాక్స్ చూసి 'అంత కిలుము పట్టించి పెట్టుకున్నావేంట్రా' అంది. ఆ కిలుమే దాని విలువ. తోమితే మెరుపొస్తుంది, ధర సగమవుతుంది. కొయ్యకు వార్నిష్ వేయకండి, ఇనుము మీద పలుచగా మైనం రాస్తే చాలు. కిటికీ ఎండ, హీటర్ గాలి తగలని గోడ చూడండి.

కొనే రోజు చేయాల్సిన పని ఇంకొకటి. ధర కుదిరాక రసీదు మీద నాలుగు సంగతులు రాయమనండి: పేల్చే పద్ధతి మొదటిదేనా, మార్చినదా, మళ్లీ వెనక్కి తెచ్చినదా; గొట్టం కోసిందా లేదా; ముందు కొయ్య అసలుదేనా; చెక్కడం, పొదిగిన వెండి ఆ కాలానివేనా. తప్పని తేలితే డబ్బు వెనక్కి ఇస్తానన్న మాట కూడా. సరిగ్గా అమ్మేవాడు పెన్ను జేబులోంచి తీస్తాడు. 'నాకు తెలియదు, చూసుకుని కొనుక్కో' అన్నా నిజాయితీ ఉన్నట్టే, ధర ఆ మేరకు తగ్గించమనండి. 'గ్యారంటీగా అసలుదే' అని నోటితో చెప్పి, కాగితం మీద రాయనంటే తుపాకీని వచ్చిన చోటే జాగ్రత్తగా పెట్టి, పక్క బల్ల దగ్గరికి వెళ్లండి.